పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి స్నేహితుల ముందు ఇన్‌హేలర్ వాడనంటున్నాడు. ఎలా నచ్చజెప్పాలి?

మీ ప్రశ్న చదవగానే నా పదో తరగతి కళ్ళ ముందుకొచ్చింది. నాకు తొమ్మిదో ఏట నుంచి ఉబ్బసం. ఇన్‌హేలర్‌ను చేతిరుమాలులో చుట్టి బ్యాగు అడుగున దాచేదాన్ని. ఆయాసం వస్తే బాత్రూములో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో పీల్చేదాన్ని.

దాచడం నాకు ఇంట్లోనే అలవాటైంది. చుట్టాలు వస్తే మా నాయనమ్మ "ఆ డబ్బా లోపల పెట్టు తల్లీ, రేపు నీకు సంబంధాలు చూడాలి" అనేది. పక్కింటావిడ "ఒకసారి అలవాటైతే ఇక వదలదు" అనేది. అవి వింటూ పెరిగిన పిల్ల నలుగురిలో దాన్ని బయటికి తీయగలదా? అబ్బాయికి చెప్పేముందు, మీ ఇంట్లో దాని గురించి ఎలా మాట్లాడుకుంటున్నారో గమనించండి.

సిగ్గుకు తోడు నాకు ఒక అపోహ ఉండేది. పిల్లికూతలు లేకపోతే జబ్బు లేనట్టే అనుకునేదాన్ని. అందుకే రోజూ పీల్చాల్సిన స్టెరాయిడ్ మందు మానేసి, ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్‌తోనే నెట్టుకొచ్చాను. అది బిగుసుకున్న శ్వాసనాళాలను కొన్ని గంటలపాటు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆ ఏడాది భోగి మంట దగ్గర, పొగలో, మంచులో ఊపిరి బిగబట్టేసింది. ఇన్‌హేలర్ నొక్కితే బుస్సుమంది కానీ ఆయాసం తగ్గలేదు. మందు ఎప్పుడో అయిపోయింది, వస్తున్నది ఉత్త గ్యాసు. నాన్న స్కూటరు మీద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నెబ్యులైజర్ పెట్టాక గాని మాట పెగల్లేదు. మీరు ఈ రోజే అబ్బాయి ఇన్‌హేలర్‌లో ఎన్ని మోతాదులు మిగిలాయో చూడండి.

నన్ను మార్చింది ఆ తర్వాత చూసిన డాక్టరుగారు. అమ్మానాన్నలను బయట కూర్చోమని, నాతో ఒక్కదానితోనే మాట్లాడారు. సాల్బుటమాల్ మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాములుంటే, ఒక్క పీల్పులో 100 మైక్రోగ్రాములే, అంటే మిల్లీగ్రాములో పదో వంతే అని లెక్క వేసి చూపించారు. ఇన్‌హేలర్ అంటే పెద్ద మందు అన్న భయం అక్కడే పోయింది. నేను నొక్కిన మందు సగం నాలుక మీదే పడుతోందని గమనించి, ఇన్‌హేలర్‌కు తగిలించుకుని పీల్చే గొట్టం, స్పేసర్, ఇచ్చారు. మీ అబ్బాయికీ అలా ఒంటరిగా డాక్టరుతో మాట్లాడే అవకాశం ఇప్పించండి. వాపు తగ్గించే స్టెరాయిడ్, శ్వాసనాళాలను వదులు చేసే మందు రెండూ కలిసిన ఒకే ఇన్‌హేలర్ అతనికి సరిపోతుందేమో కూడా అడగండి. పన్నెండేళ్ళు దాటినవారిని సాల్బుటమాల్ ఒక్కదాని మీదే ఉంచవద్దని ఉబ్బసం చికిత్సకు సూచనలిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఇనిషియేటివ్ ఫర్ ఆస్తమా 2019 నుంచి చెబుతోంది.

బడిలో క్లాసు టీచరుకు మీరు చెప్పండి. స్నేహితుల్లో ఎవరికి చెప్పాలో మాత్రం అతన్నే ఎంచుకోనివ్వండి. నేను నా బెంచీ స్నేహితురాలికి చెప్పాను. మర్నాటి నుంచి ఆటల పీరియడుకు ముందు "పీల్చావా?" అని తనే అడిగేది.