ట్యాంకీ మోటర్‌కు ఈఎస్‌పీ32 బోర్డు సరిపోతుందా?

కాజీపేటలో ఉండే మీరు ఇప్పటిదాకా ఆర్డుయినో ఊనో (కోడ్ వేసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) మీద ఎల్‌ఈడీలు, చిన్న సెన్సార్లు ఆడించారు. ఇప్పుడు వైఫై ఉన్న బోర్డు కొని, స్లాబు మీద ట్యాంకీ నిండగానే ఫోన్‌కు మెసేజ్ రావాలి, వీలైతే మోటర్ దానంతటదే ఆగిపోవాలి, దీనికి ఈఎస్‌పీ32 సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది. హన్మకొండలో మా ఇంటి మీద ఇదే పని చేస్తున్నది ఆ బోర్డే.

ఊనోలో 16 మెగాహెర్ట్జ్ వేగం, 2 కేబీ ర్యామ్. ఈఎస్‌పీ32లో రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్ దాకా వేగం, 520 కేబీ ర్యామ్, వైఫైతో పాటు బ్లూటూత్. మీరు కోడ్ రాసి ఎక్కించే ఆర్డుయినో ఐడీఈ సాఫ్ట్‌వేర్‌లోనే బోర్డు ప్యాకేజీ వేసుకుంటే చాలు కాబట్టి కోడ్ గురించి టెన్షన్ పెట్టుకోకండి. కొన్ని వందల రూపాయల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. హైదరాబాద్ వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో చూసి తెచ్చుకోవచ్చు.

ల్యాప్‌టాప్‌లో పోర్ట్ కనబడకపోతే బోర్డును తిట్టుకోకముందు కేబుల్ మార్చి చూడండి. ఇంట్లో పడి ఉండే కేబుళ్లలో చాలావాటికి చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. తర్వాత చూడాల్సింది డ్రైవర్, అంటే ల్యాప్‌టాప్ బోర్డును గుర్తుపట్టడానికి వేసే చిన్న సాఫ్ట్‌వేర్. బోర్డు మీద చిన్న చిప్‌పై సీపీ2102 అని ఉందో సీహెచ్340 అని ఉందో చూసి ఆ డ్రైవర్ వేసుకోండి. అప్‌లోడ్ చేసేటప్పుడు 'కనెక్టింగ్' అని చుక్కలు పడుతూ ఆగిపోతే బూట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఎక్కుతుంది.

ఊనో అలవాటున్నవాళ్లు తడబడేది వోల్టేజీ దగ్గర. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి. నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్‌ను 5 వోల్టుల మీద నడిపితే దాని ఎకో పిన్ (కొలిచింది బోర్డుకు చెప్పే పిన్) 5 వోల్టులు ఇస్తుంది, అది నేరుగా ఇవ్వకూడదు. ఎకో నుంచి 1కే రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2కే రెసిస్టర్ వేసి, రెండూ కలిసే చోటు నుంచి బోర్డుకు తీగ తీసుకోండి. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులు, అంటే 3.3 వస్తుంది. ఆ తీగను 34వ పిన్నుకు పెట్టవచ్చు. 34 నుంచి 39 వరకు పిన్నులు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, రిలేను (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్) అక్కడ పెడితే కదలదు. రిలేకు 26 బాగుంటుంది. 12 జోలికి పోవద్దు, ఆన్ అయ్యే క్షణంలో దాని మీద వోల్టేజీ ఉంటే బోర్డు లేవకపోవచ్చు. రేపు పూలకుండీల్లో తేమ సెన్సార్ కూడా పెడదామనిపిస్తే 32 నుంచి 39 లోపు పిన్నే వాడండి. వైఫై నడుస్తున్నప్పుడు మిగతా అనలాగ్ పిన్నులు (వోల్టేజీ ఎంతుందో కొలిచేవి) రీడింగ్ ఇవ్వవు.

వైఫై విషయానికొస్తే, ఇది 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పడుతుంది, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ దీనికి కనిపించదు. దానికితోడు మధ్యలో స్లాబు. కింద హాల్లో రౌటర్, పైన ట్యాంకీ అంటే సిగ్నల్ సగం చచ్చే వస్తుంది. అందుకే నేను రెండు బోర్డులు పెట్టాను, పైన సెన్సార్‌కు ఒకటి, మోటర్ స్విచ్ దగ్గర ఇంకొకటి. రెండూ ఈఎస్‌పీ నౌ అనే, బోర్డు నుంచి బోర్డుకు నేరుగా వైర్‌లెస్‌గా పంపే పద్ధతిలో మాట్లాడుకుంటాయి, దానికి రౌటర్ అక్కర్లేదు. ఒక బోర్డు రౌటర్‌కు కూడా కలిసి ఉంటే రెండూ అదే చానల్‌లో ఉండాలి, అది మరవకండి. నెట్ పోతే ఫోన్‌కు మెసేజ్ రాదు, అంతే. మోటర్ మాత్రం ఆగుతుంది. ట్యాంకీ పొర్లి పక్కింటివాళ్ల గోడ తడవకుండా ఉండటం ఇంటర్నెట్ దయ మీద ఆధారపడకూడదు కదా.

సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు ల్యాప్‌టాప్‌లో కనిపించే కిటికీ) 'బ్రౌనవుట్' అని వచ్చి బోర్డు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటే అది కరెంటు సమస్య. వైఫై పంపే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. మంచి అడాప్టర్ పెట్టండి, 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. బ్యాటరీ మీద నెలల తరబడి నడుస్తుందన్న మాట నమ్మి పైన బ్యాటరీ పెట్టకండి. డీప్ స్లీప్‌లో, అంటే పని లేనప్పుడు నిద్రపుచ్చితే, చిప్ వాడేది చాలా తక్కువే, కానీ బోర్డు మీది ఎర్ర లైటు, రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్ నిద్రపోవు. మన మే నెల ఎండకు డబ్బాలో లిథియం బ్యాటరీ అంత మంచిది కూడా కాదు.

మీరు కాజీపేట అన్నారు కాబట్టి కోతుల గురించి చెప్పక్కర్లేదు. వేలాడే తీగ కనిపిస్తే పీకేస్తాయి. తీగలన్నీ పైపులో నుంచే తీయండి, బోర్డును ఎలక్ట్రీషియన్లు వాడే మూత బిగించే డబ్బాలో పెట్టండి. సెన్సార్ వాటర్‌ప్రూఫ్‌దైతే దానికి 20, 25 సెంటీమీటర్ల కన్నా దగ్గరి నీళ్లు సరిగ్గా కనబడవు, అందుకని నీళ్లు అంత దగ్గరికి రాకముందే మోటర్ ఆగేలా లెక్క పెట్టుకోండి.

ఇక మోటర్. ఒక హెచ్‌పీ మోటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుగా లాగేదానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, 10 ఆంపియర్లని రాసి ఉన్న చిన్న రిలే దాన్ని ఎక్కువ రోజులు మోయదు. రిలేతో కాంటాక్టర్‌ను (మోటర్ కరెంటు మోయగల పెద్ద స్విచ్) నడపండి, కాంటాక్టర్ మోటర్‌ను నడుపుతుంది. ఆ 230 వోల్టుల వైరింగ్ ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ట్యాంకీలో ఫ్లోట్ స్విచ్ (నీళ్లతో పాటు తేలుతూ పైకొచ్చి పనిచేసే స్విచ్) కూడా ఒకటి వేయించండి. కోడ్ కుదురుకునేదాకా రిలేకు మోటర్ బదులు చిన్న 5 వోల్టుల ఎల్‌ఈడీ లైటు పెట్టి, బకెట్ నింపుతూ చూసుకోండి.