మైక్‌కు ఏ కేబుల్ కొనాలి? ముందు లోపల తీగలు ఎలా కలిపారో చూడండి

స్టేజి మైక్‌ను కెమెరాకు, ఫోన్‌కు కలపడానికి ఏ కేబుల్ కొనాలని అడిగారు. షాపులో ఇదే అడిగితే, ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టేజి మైక్‌కు పట్టే, మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్), ఇంకో చివర 3.5 మి.మీ. పిన్ను ఉన్న వైరు చేతిలో పెట్టి "పడుతుంది సార్" అంటారు. పడుతుంది, నిజమే. పలుకుతుందో లేదో ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

మా రామాలయంలో నవమి ఉత్సవాలకు హరికథ పెట్టించారు. కమిటీ కుర్రాడు భాగవతార్ గారి ముందు విడిగా ఒక డైనమిక్ మైక్ (బయటి కరెంటు అక్కర్లేని రకం) పెట్టి, అలాంటి వైరుతోనే కెమెరాకు కలిపాడు. హెడ్‌ఫోన్స్‌లో బాగానే వినిపించింది. మర్నాడు వీడియో గ్రూపులో పెట్టాక మొదలైంది గొడవ. ఒకే స్పీకరున్న పాత ఫోన్లలో చూసిన పెద్దవాళ్లకు పాటా లేదు, చిడతల చప్పుడూ లేదు. భాగవతార్ గారు కూడా ఫోన్ చెవికి ఆనించుకుని, "ఏం నాయనా, రాత్రంతా నేను మూకాభినయం చేశానా?" అన్నారు. పాపం, ఆయన ముఖం చూడలేకపోయాం.

జరిగింది ఇదీ. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1వ పిన్ను గ్రౌండ్. 2, 3 పిన్నుల్లో వచ్చేది ఒకే శబ్దం, కాకపోతే ఒకటి రెండోదానికి తలకిందులు. మైక్‌ను మిక్సర్‌కు (మైకుల శబ్దాలు కలిపే పెట్టె) కలిపితే, అది వాటి తేడా తీసుకుంటుంది కాబట్టి, దారిలో రెండు తీగలకూ సమానంగా అంటుకున్న హమ్ (గుయ్యిమనే మోత) కొట్టుకుపోతుంది. ఆ వైరులో మాత్రం 2ను ఎడమ చానల్‌కు, 3ను కుడి చానల్‌కు ఇచ్చారు. రెండూ ఒకే స్పీకర్లో కలిసేసరికి ఒకదాన్నొకటి మింగేశాయి.

ఎడిటింగ్‌లో కుడి చానల్ తీసేసి, ఎడమదాన్నే రెండు వైపులా పెడితే గొంతు తిరిగొచ్చింది. వైరును మా మైక్‌సెట్ మేస్త్రి 3.5 మి.మీ. పిన్ను విప్పి, 2ను టిప్‌కూ (పిన్ను కొన, ఎడమ చానల్) రింగ్‌కూ (మధ్య పట్టీ, కుడి చానల్), 1, 3 కలిపి స్లీవ్‌కు (వెనక భాగం, గ్రౌండ్) సోల్డరింగ్ చేసి ఇచ్చాడు. ఇది డైనమిక్ మైక్‌కే. మిక్సర్ అవుట్‌పుట్‌కు ఇలా 3ను గ్రౌండ్ చేయకండి. విప్పగలిగే పిన్ను కాబట్టి బతికాం. ఇప్పుడొచ్చేవాటిలో చాలావరకు ప్లాస్టిక్‌తో మూసేసినవే, తెగితే పారేయడమే. వేలు పోసి మైక్ కొని, కేబుల్ దగ్గర వంద రూపాయలకు బేరమాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బంగారు పూత చూసి మోసపోవద్దు, విప్పడానికి స్క్రూ ఉందో లేదో చూడండి.

ఇక ఫోన్. హెడ్‌సెట్ జాక్‌కు నాలుగు భాగాల పిన్ను కావాలి. నేటి ఫోన్లలో మైక్ భాగం చివరి స్లీవ్. మూడు భాగాల పిన్ను గుచ్చితే ఫోన్ తన సొంత మైక్‌తోనే రికార్డు చేసుకుంటుంది, ఫ్యాన్ చప్పుడుతో సహా. పైగా డైనమిక్ మైక్ సిగ్నల్ బలహీనం, నేరుగా ఫోన్‌కు ఇస్తే బుస్సుమనే శబ్దమే ఎక్కువ. అందుకే ఫోన్‌కు అడాప్టర్ల మీద అడాప్టర్లు తగిలించే కంటే, చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్ సిగ్నల్‌ను పెంచి, డిజిటల్‌గా మార్చి ఫోన్‌కు ఇచ్చే పెట్టె) ఒకటి, మామూలు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి కొనుక్కోండి. మీది కండెన్సర్ మైక్ (పనిచేయడానికి కరెంటు కావాల్సిన రకం) అయితే, ఆ ఇంటర్‌ఫేస్‌కు కేబుల్ గుండానే మైక్‌కు కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.