చీకటి ఎలక్ట్రానిక్ బ్యాండ్ పెడతానంటున్న మా మేనల్లుడికి

చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ విన్నానురా. నువ్వూ, మీ కాలేజీ ఫ్రెండ్స్ ఇద్దరూ, ఆ పాడే అమ్మాయీ కలిసి డార్క్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ పెడుతున్నాం, ఏ సింథ్, అంటే సింథసైజర్ కీబోర్డ్, కొనమంటావు మావయ్యా అని అడిగావు కదా. మీ అమ్మ కూడా ఫోన్ చేసి వీడికిదేం పిచ్చి అన్నయ్యా అంది, దానికి నేను చెప్పుకుంటాలే, ఆ సంగతి నువ్వు వదిలెయ్. చెన్నైలో మొదలుపెట్టి హైదరాబాద్ దాకా ఇన్నేళ్లు సినిమా పాటలకి కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేశాను గానీ నా మనసెప్పుడూ ఈ రకం మ్యూజిక్ మీదే ఉండేది, అందుకే నువ్వు అడగ్గానే భలే సంతోషమేసింది. కాస్త పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

సింథ్ ఇప్పుడే కొనకు. ల్యాప్‌టాప్ ఉంది, అందులో సాఫ్ట్‌వేర్ ఉంది, ప్రస్తుతానికి చాలు. చీకటి ప్రీసెట్‌లో, అంటే సింథ్‌లో ముందే తయారుచేసి పెట్టిన సౌండ్లలో, దొరకదురా. వట్టి హార్మోనియం మీద వాయించినా నిలబడే పాట ఒకటి కావాలి, మీరు సొంతంగా పట్టుకొచ్చిన చప్పుళ్లు కొన్ని కావాలి, అవి రెండూ కలిసిన చోట వస్తుంది అది.

ఇంగ్లండ్ ఎలక్ట్రానిక్ బ్యాండ్ డిపెష్ మోడ్ సంగతే తీసుకో. లండన్‌కి తూర్పున ఎసెక్స్‌లో బాసిల్డన్ అని ఒక టౌన్, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాన్ వేసి కట్టింది. 1980లో అక్కడి కుర్రాళ్లు విన్స్ క్లార్క్, మార్టిన్ గోర్, ఆండీ ఫ్లెచర్, డేవ్ గాన్ కలిసి మొదలుపెట్టారు. వాళ్ల దగ్గరున్నవి మూడు చిన్న సింథ్‌లు, ఒకటి కవాయ్, ఒకటి యమహా, ఒకటి మూగ్, మూడూ మోనోనే, అంటే ఒక్కోటీ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, కార్డ్ పట్టడం కుదరదు. దాంతో ముగ్గురూ మూడు వేరే లైన్లు అల్లాల్సి వచ్చింది, ఒకడిది బేస్, ఒకడిది పైన ట్యూను, మధ్యలో ఇంకొకడిది ఆ రెండిటికీ జవాబు చెప్పే లైను. ఆ అల్లికే తర్వాత వాళ్ల గుర్తు అయిపోయింది. నువ్వు పంపిన డెమోలో ఏమో లెక్కలేనన్ని ట్రాక్‌లు తెరిచి ప్రతిదాంట్లో పెద్ద పెద్ద ప్యాడ్‌లు, అంటే సాగిపోయే పొడుగు స్వరాలు, పరిచేశావు, గాలాడట్లేదు నాన్నా అందులో. మొదటి పాటకి డ్రమ్స్ కాకుండా మూడంటే మూడే సౌండ్లు పెట్టుకోండి, మూడూ మోనో మోడ్‌లో. చేతులు కట్టేసినట్టుంటుంది, కానీ అప్పుడే ట్యూను గురించి ఆలోచించడం మొదలవుతుంది.

ఇంకోటి కూడా చూడు, 1981లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఎక్కువ భాగం హుషారుగా గెంతించే పాప్ సంగీతమే. అది అయ్యాక విన్స్ క్లార్క్ బయటికి వెళ్లిపోయాడు, రాసే బాధ్యత గోర్ మీద పడింది, అక్కణ్ణుంచి ఆల్బమ్ ఆల్బమ్‌కీ ముదురుతూ ముదురుతూ 1986కి వచ్చేసరికి పూర్తిగా చిక్కబడింది. కాబట్టి మీ మొదటి పాట కాస్త వెలుగ్గా వచ్చిందని కంగారుపడి దాని మీద డిస్టార్షనూ అరుపులూ పులమకండి. ఏది ఎలా వస్తే అలా రానివ్వండి.

ఇప్పుడు హార్మోనియం సంగతి. వాళ్లకి 1990లో బాగా పెద్ద హిట్టయిన 'ఎంజాయ్ ద సైలెన్స్' ఉంది చూడు, గోర్ దాన్ని మొదట చాలా నెమ్మదిగా, హార్మోనియం మీద పాడుకున్న డెమోలా తెచ్చాడు. తర్వాత బ్యాండ్‌లో చేరిన అలన్ వైల్డర్ అది విని దీనికి స్పీడు పెంచి బీట్ వేద్దాం అన్నాడు, గోర్‌కి మొదట్లో అస్సలు నచ్చలేదు, అయినా చేసి చూశారు, ఆ మీద గోరే గిటార్ లైన్ వాయించాడు, ఫ్లడ్ అనే ప్రొడ్యూసర్ దగ్గరుండి చూసుకున్నాడు, అలా తయారైంది మనం వినే పాట. అంటే హార్మోనియం మీద ఉన్నప్పుడే అది పాట, మిగతాదంతా దాని మీద తొడిగిన బట్ట. మా నాన్నగారు, అంటే మీ తాతయ్య, పద్య నాటకాలకి వాయించిన పెట్టె మీ ఇంట్లో అటక మీదే ఉంది, దింపించు, దుమ్ము దులిపి ఒకసారి బెలోస్, అంటే దాని గాలి తిత్తి, ఎవరికైనా చూపించు. ఆ అమ్మాయిని దాని మీదే పాడమను. పల్లవి ఒకసారి విని మర్నాడు మీ అమ్మ వంటింట్లో కూనిరాగం తీసిందంటే అప్పుడు ల్యాప్‌టాప్ తెరువు.

నీకు కర్ణాటక సంగీతం నాలుగేళ్లు చెప్పించారు కదా, అది ఇక్కడ బంగారం, దాచుకోకు. తోడి రాగంలో షడ్జమం, అంటే స, దాని పక్కనే శుద్ధ రిషభం, అంటే రి, ఉంటుంది కదా, గమకాలు తీసేసి చూస్తే ఆ స్వరాలే పడమటి వాళ్ల ఫ్రిజియన్ స్కేల్, డార్క్ ఎలక్ట్రానిక్ వాళ్లు, మెటల్ వాళ్లు పదే పదే వెళ్లే చోటు అది. స్వరాలని వరసగా తిప్పి తిప్పి వాయించే 16 స్టెప్పుల సీక్వెన్సర్ తీసుకుని 14 స్టెప్పులు మంద్ర షడ్జమం కొట్టు, చివరి రెండిట్లో రిషభం పెట్టు, నిమిషానికి 115 బీట్ల దగ్గర టెంపో పెట్టి కాసేపు అలా తిరగనివ్వు, వెన్నులో ఏదో పాకినట్టుంటుంది. ఆ రెండు స్వరాల మధ్య సింథ్‌లో గ్లైడ్ కొంచెం పెడితే జారుడు కూడా వస్తుంది, హార్మోనియం మీద అది ఎంత తంటాలు పడ్డా రాదు. కానీ రాగం మొత్తం చూపించేద్దామని ఆలాపన మొదలుపెట్టకు, ఒక్క రిషభం చాలు, మిగతాది ఆ అమ్మాయి గొంతుకి వదిలెయ్.

చప్పుళ్ల దగ్గరికి వస్తా, నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. ఇంగ్లండ్‌లోనే షెఫీల్డ్ అని స్టీలు ఫ్యాక్టరీల ఊరు, అక్కడ 1973లో క్యాబరే వోల్టేర్ అనే బ్యాండ్‌గా ముగ్గురు కలిశారు, ఇంటి అటకలో టేపు ముక్కలు కత్తిరించి అంటించి లూపులు చేసుకుంటూ మొదలయ్యారు. అందులో ఒకాయన క్రిస్ వాట్సన్ తర్వాత బ్యాండ్ వదిలి అడవుల్లో జంతువుల చప్పుళ్లు రికార్డ్ చేసే పెద్ద పేరున్న సౌండ్ రికార్డిస్ట్ అయ్యాడు, చెవి అంటే అలా ఉండాలి. డిపెష్ మోడ్ వాళ్లు కూడా 1983కల్లా సుత్తులు పట్టుకుని పని జరిగే చోట్లకి వెళ్లి రేకులూ పైపులూ బాది రికార్డ్ చేసుకొచ్చి, చప్పుడుని కీబోర్డ్ మీద వాయించనిచ్చే శాంప్లర్‌లోకి ఎక్కించారు. వాళ్లదే 1986 నాటి ఒక పాటలో అడుగున నడిచే లయ నిజానికి ఉన్న చోటే ఆన్ చేసి ఉంచిన మోటార్ సైకిల్ ఇంజన్ శబ్దాన్ని స్లో చేసింది. వింటే బండి అని ఎవరూ అనుకోరు, ఏదో పెద్ద జంతువు ఊపిరి తీస్తున్నట్టుంటుంది.

మరి నువ్వుండేది విజయవాడరా! లారీ బాడీలు కట్టే ఆటోనగర్ నీకు పక్కనే ఉంది. పొద్దున్నే వెళ్లు, షెడ్డు ఓనర్ని అడిగి పర్మిషన్ తీసుకో, టీ తాగు, పని వాళ్లతో కాసేపు మాట్లాడు, రికార్డర్ అప్పుడు బయటికి తియ్యి. ఫోనే అయితే ఆటో గెయిన్ ఆపే యాప్ ఒకటి వేసుకో, లేకపోతే సుత్తి దెబ్బ పడగానే ఫోన్ తనంతట తాను వాల్యూమ్ తగ్గించేసి దెబ్బని చంపేస్తుంది. నేను ఒకసారి అక్కడ ఒక పెద్దాయన రేకుని చెక్క సుత్తితో వంచుతుంటే రికార్డ్ చేశాను, ఆయన దెబ్బ కొట్టి ఎడమ చేత్తో రేకుని తాకి ఆపేవాడు, అందుకని మోత సగంలో తెగిపోయేది, ధన్ మని మొదలై ఠక్కున ఆగిపోయేది. చప్పుడుని మధ్యలో కోసే ఏ గేట్ సాఫ్ట్‌వేర్‌తోనూ అలాంటి కోత నాకు రాలేదు. దాన్ని ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, దించితే స్నేర్ డ్రమ్ అయిపోయింది, రెండు ఆక్టేవ్‌లు దించితే ఎక్కడో గోదాము తలుపు పడ్డట్టు వినపడింది. స్లో చేద్దామనుకున్న వాటిని 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌లో రికార్డ్ చెయ్యి, 48లో చేస్తే దించినప్పుడు పైన తళుకు పోతుంది. కంప్రెసర్ గాలి వదిలేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు డ్రమ్స్‌లో తాళాల్లా మోగే హై హ్యాట్‌కి, వెల్డింగ్ చిటపట టెక్స్చర్‌కి పనికొస్తాయి. ప్రతి ఫైల్ పేర్లో ఎక్కడ, దేని మీద, దేంతో కొట్టింది రాసి పెట్టుకో, తర్వాత వెతుక్కోలేక చస్తావు.

రివర్బ్, అంటే గదిలో తిరిగి వచ్చే మోత, అది కూడా బయటే పట్టుకో. బెర్లిన్‌లో హాన్సా అని స్టూడియో, అక్కడ పెద్ద హాలు ఉండేది, గారెత్ జోన్స్ అనే ఇంజనీర్ సింథ్ చప్పుళ్లని స్పీకర్లలో ఆ హాల్లోకి వదిలి, అక్కడ మోగింది మైకులతో మళ్లీ పట్టేవాడు. యంత్రం నుంచి వచ్చిన చప్పుడికి ఒక చోటు ఉన్నట్టు అనిపించేది అందుకే. మీ అపార్ట్‌మెంట్ మెట్లు ఉన్నాయి, ముహూర్తాలు లేనప్పుడు ఖాళీగా ఉండే కళ్యాణ మండపం ఉంది, స్పీకర్ ఒక మూల, మైకు ఇంకో మూల పెట్టి చెయ్యండి. మెట్ల దగ్గరైతే పక్కింటి వాళ్లకి ముందే చెప్పు.

పాట తెలుగులోనే రాయండి, దయచేసి. ఇంగ్లీషులో రాస్తే అదే మాటలు ఎవరో ఎప్పుడో బాగా రాసేసి ఉంటారు. మన భాషలో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ఆగుతుంది కాబట్టి బీట్ మీద సాగిపోతుంది, గట్టిగా కొట్టినట్టు రాదని మీ వాళ్లంటున్నారట, మరి ద్విత్వాలు ఉన్నాయి కదరా, గుద్దు, పట్టు, కత్తి, రొప్పు, ఆ ఒత్తుని కిక్ డ్రమ్ దెబ్బ మీద పడేలా పెట్టి చివరి అచ్చుని మింగెయ్యమను, ఎలా తగులుతుందో చూడు. చీకటి మనకేం అరువు కాదు, దిగంబర కవులని కోపంతో రాసిన తెలుగు కవుల గుంపు 1965లో తమ మొదటి సంపుటాన్ని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా తొక్కే ఆయన చేత విడుదల చేయించారు, రెండోది 1966లో మీ విజయవాడలోనే, ఒక హోటల్ కార్మికుడి చేత. అవి చదువు, వాళ్ల మాటలు ఎత్తుకోవడానికి కాదు, తెలుగు ఎంత కోపం మొయ్యగలదో తెలియడానికి. మీ పాట దేని గురించి అన్నది మీరే తేల్చుకోండి. పుర్రెలూ నెత్తురూ అని రాయకండి, రాత్రి హాస్టల్ టెర్రస్ మీద నీ ఫ్రెండ్ ఇంటికి ఫోన్ చేసి బ్యాక్‌లాగ్స్ గురించి అబద్ధం చెప్పడం నువ్వు విన్నావని ఆ మధ్య అన్నావు చూడు, అందులో ఉంది పాట.

ఇక మనుషుల సంగతి. నలుగురూ నాలుగు పాటలు రాసి ఓట్లు వేసుకోవడం పెట్టుకోకండి. ఒకరు రాయాలి, ఒకరు సౌండ్ చూడాలి, ఒకరు పాడాలి, ఒకరు డబ్బులూ డేట్లూ చూడాలి. డిపెష్ మోడ్‌లో ఆండీ ఫ్లెచర్ ఆ చివరి పని చేశాడు, స్టేజి మీద ఆయన వాయించేది తక్కువ అని జనం అన్నా 2022లో పోయేదాకా ఆ బ్యాండ్‌ని కలిపి ఉంచిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇంకో వైపు అలన్ వైల్డర్, స్టూడియోలో గంటలు గంటలు కూర్చుని ఆ సౌండ్ అంతా చెక్కిన మనిషి, తన కష్టానికి తగ్గ గుర్తింపు దొరకలేదని 1995లో వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక వచ్చిన ఆల్బమ్‌లు మంచివే, కానీ ఆ చెక్కుడు నాకు మళ్లీ వినపడలేదు, ఇది నా అభిప్రాయం. మీలో సౌండ్ చేసే కుర్రాడు మాట్లాడడు అన్నావు, వాడి పేరు క్రెడిట్‌లో ముందు రాయి, అడగక ముందే రాయి.

డిపెష్ మోడ్ వాళ్లకీ, వాళ్ల రికార్డులు వేసిన మ్యూట్ రికార్డ్స్ కంపెనీ డేనియల్ మిల్లర్‌కీ చాలా ఏళ్లు కాగితం లేదు, మాట మీద లాభం సగం సగం. వినడానికి బాగుంటుంది గానీ మీరు అలా చెయ్యొద్దు. పాట పూర్తయిన రోజే ఎవరి వాటా ఎంత అని ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. 2012లో మన కాపీరైట్ చట్టం మారాక పాట రాసిన వాళ్లకీ ట్యూన్ కట్టిన వాళ్లకీ రాయల్టీ హక్కు గట్టిగా ఉంది, రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో మెంబర్‌షిప్ తీసుకోండి. పాత సినిమా పాట ముక్క పర్మిషన్ లేకుండా శాంపిల్ చెయ్యకండి, ఎంత టెంప్టింగ్‌గా ఉన్నా.

స్టేజి గురించి ఎక్కువ ఆలోచించకండి ఇప్పుడే. డ్రమ్మర్ లేడని ఎవరైనా అంటే పట్టించుకోకు, డిపెష్ మోడ్ వాళ్లు మొదట్లో డ్రమ్స్‌కి టేప్ మెషిన్‌నే స్టేజి మీద పెట్టుకున్నారు. యూపీఎస్ మాత్రం వెంట పట్టుకెళ్లండి, కాలేజీ ఫెస్టుల్లో కరెంటు మీద నమ్మకం పెట్టుకోలేం.

స్టూడియో ఖర్చు గురించి అడిగావు. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్‌లో ట్రెంట్ రెజ్నర్ అనే ఆయన ఒక స్టూడియోలో తుడవడం దగ్గర్నుంచి అన్ని పనులూ చేస్తూ, అది ఖాళీగా ఉన్న టైంలో తన పాటలు రికార్డ్ చేసుకున్నాడు, వాటిలోంచే 1989లో ఆయన బ్యాండ్ నైన్ ఇంచ్ నెయిల్స్ మొదటి ఆల్బమ్ వచ్చింది. నేను పనిచేసే చోట రాత్రి 11 దాటితే చిన్న రూమ్ ఖాళీగానే ఉంటుంది, వాళ్లని అడిగాను, వారానికి ఒక రాత్రి ఇస్తామన్నారు. కానీ ఖాళీ చేతులతో రావద్దు. హార్మోనియం మీద ఆ అమ్మాయి పాడిన పాట ఒకటి, రివర్బ్ ఏమీ లేకుండా ఫోన్‌లోనే తీసి ముందు నాకు పంపు, ఆటోనగర్ ఫైళ్లు పెన్ డ్రైవ్‌లో తీసుకురా. నా పాత రికార్డర్ రేపు కొరియర్‌లో వేస్తున్నా, మీ అమ్మ పేరు మీద వస్తుంది, బ్యాటరీలు మాత్రం నువ్వే కొనుక్కో.

మీ మావయ్య