మేరీ కసాట్ "స్నానం" ప్రింటు ఒక్కో మ్యూజియంలో ఒక్కో రంగులో ఎందుకుంది?

మీ ప్రశ్న: షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్లలో అమెరికన్ చిత్రకారిణి కసాట్ చేసిన "స్నానం" ప్రింటును పక్కపక్కన పెట్టి చూస్తే రంగులు కలవడం లేదు, అవి వేర్వేరు స్టేట్‌లా అని.

రంగు చూసి స్టేట్ తేల్చకండి. స్టేట్ అంటే రాగి ప్లేటు మీదే గీత కలిపినా, చెరిపినా, ఆక్వాటింట్ (రంగు నిలిచేలా ప్లేటు మీద ఆమ్లంతో తెచ్చే సన్నటి రవ్వ) మార్చినా వచ్చే దశ. "స్నానం" 1890-91లో చేసిన పది రంగు ప్రింట్ల సెట్టులో ఒకటి. వీటిలో కసాట్ ప్రతి కాపీకీ ప్లేటు మీద రంగుల్ని చేత్తో పూసేవారు, ఒకే ప్లేటు మీద రెండు మూడు రంగులు కూడా. ఒక బొమ్మకు గరిష్ఠంగా మూడు ప్లేట్లు. ఆమె, ప్రింటర్ లెరోయ్ రోజంతా కష్టపడినా ఎనిమిదో పదో కాపీలే వచ్చేవి. అందుకే ఒకే స్టేట్‌లో ఒక గౌను పసుపు ముదురుగా, ఇంకోటి పాలిపోయి కనిపించడం సహజం. దానికి తోడు ఫొటో తీసిన వెలుతురు తేడా, కాగితం వయసు.

"స్నానం"కి మొత్తం 17 స్టేట్‌లు. కేటలాగులో 17/17 అని కనిపిస్తే అది కాపీ నంబరు కాదు, పదిహేడింటిలో చివరి స్టేట్ అని. ఎడిషన్, అంటే విడుదలకు అచ్చేసినవి, 25 కాపీలు. ఈ రెండూ కలిపేసుకోవడం చాలా మామూలు పొరపాటు.

పోల్చడం ఇలా. రెండు మ్యూజియంల నుంచీ పెద్ద సైజు చిత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి, గీతలే చూడండి: జుట్టు, చేతివేళ్లు, తొట్టి అంచు. డ్రైపాయింట్ (ప్లేటు మీద నేరుగా సూదితో గీసే పద్ధతి) గీత పక్కన లేచిన రాగి బర్, అంటే గరుకు అంచు, సిరాను పట్టుకుని మెత్తటి నీడలా అచ్చవుతుంది. ప్రెస్సు ఒత్తిడికి అది త్వరగా అణిగిపోతుంది కాబట్టి, ఒకే స్టేట్‌లో గీత మెత్తగా ఉన్నది సాధారణంగా ముందు తీసిన కాపీ. రంగు గీత దాటి బయటికొచ్చినా, మధ్యలో తెల్లటి సందు కనిపించినా అదీ స్టేట్ మార్పు కాదు. తడి కాగితం సాగడం వల్లో, రెండో ప్లేటు సరిగ్గా కూర్చోకపోవడం వల్లో అలా అవుతుంది.

సంబంధిత చిత్తు బొమ్మలూ వదలకండి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో "జుట్టు ముడి" ప్రింటుకు గీసిన డ్రాయింగ్ ఉంది. ఇలాంటి డ్రాయింగ్ కాగితాన్ని సాఫ్ట్ గ్రౌండ్ (మెత్తటి మైనం లాంటి పూత) పూసిన ప్లేటు మీద పరిచి, పైనుంచి పెన్సిలుతో నొక్కి గీస్తే గీత ప్లేటుకి దిగుతుంది. అచ్చులో అది తిరగబడుతుంది. కాబట్టి డ్రాయింగ్‌ని అద్దంలోలా తిప్పాకే ప్రింటుతో పోల్చాలి.

1890లో పారిస్‌లో చూసిన జపాన్ చెక్క అచ్చుల ప్రభావం చదునైన రంగుల్లో బాగా తెలుస్తుంది. అయితే జూమ్ చేసి చూడండి: ఇక్కడ రంగు ఆక్వాటింట్ రవ్వ మీద నిలబడింది, చుట్టూ ప్లేటు నొక్కిన గాడి ఉంటుంది. చెక్క అచ్చులో ఈ రెండూ ఉండవు.