మీరడిగారు: సీలియా జాన్సన్ గురించి నాలుగు ప్రశ్నలు

మా నాన్నగారు సికింద్రాబాద్‌లో రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన ఎప్పుడూ చెప్పే 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' అనే పాత ఇంగ్లిష్ సినిమాని మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని చూశాం. పేరు చూసి పోలీసు సినిమా అనుకున్నాను. తీరా చూస్తే పెళ్లయి పిల్లలున్న ఒకావిడ, స్టేషన్‌లో పరిచయమైన ఒక డాక్టరు, కొన్ని గురువారాలు, అంతే కథ. అయినా చివరికి ఇద్దరికీ గొంతు పట్టేసింది. ఆ నటి ఎవరు? అంత బాగా చేసిన మనిషి తర్వాత సినిమాల్లో పెద్దగా ఎందుకు కనబడలేదు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా. ఆవిడ పేరు సీలియా జాన్సన్. 1908 డిసెంబరులో లండన్ పక్కనున్న రిచ్‌మండ్‌లో పుట్టింది, తండ్రి డాక్టరు. లండన్‌లోని 'రాడా' అనే నటనా విద్యాలయంలో చదువుకుని, 1928లో హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో బెర్నార్డ్ షా నాటకంతో మొదటిసారి స్టేజీ ఎక్కింది. 1933లో మొదలైన 'ది విండ్ అండ్ ది రెయిన్' అనే నాటకం లండన్‌లో రెండేళ్లు ఆడింది. అంటే మీరు చూసిన సినిమా నాటికే ఆవిడకి నాటకాల్లో పదిహేడేళ్ల అనుభవం ఉంది, వయసు 36.

సినిమాల్లో ఎందుకు కనబడలేదని అడిగారు కదా, నన్నడిగితే ఆ ప్రశ్నని తిరగేసి అడగాలి. పూర్తిగా నాటకాల మనిషి అసలు సినిమాల్లోకి ఎందుకొచ్చినట్టు? ఇల్లు వదిలే వీల్లేక వచ్చింది. 1940లో ఆమె నటిస్తున్న 'రెబెక్కా' నాటకం లండన్‌లో ఆడుతుండగానే ఆ క్వీన్స్ థియేటర్ మీద జర్మన్ బాంబు పడి నాటకం ఆగిపోయింది. భర్త యుద్ధంలో ఉన్నాడు. భర్తను పోగొట్టుకున్న సోదరి, ఇంకా ఒక వదిన ఆమెతోనే ఉండేవాళ్లు, ముగ్గురి పిల్లలూ కలిపి ఏడుగురు. పైగా మహిళా సహాయక పోలీసు దళంలో డ్యూటీ కూడా చేసింది. ఏడుగురు పిల్లలున్న ఇంట్లోంచి రోజూ సాయంత్రం బయల్దేరి, నెలల తరబడి నాటకం ఆడి, అర్ధరాత్రి ఇంటికి రావడం ఎవరి వల్ల అవుతుంది చెప్పండి. రేడియో, సినిమా అయితే కొన్నాళ్ల పనే, అయిపోగానే ఇంటికొచ్చేయొచ్చు. అలా వచ్చినవే 1942లో 'ఇన్ విచ్ వీ సర్వ్', 1944లో 'దిస్ హ్యాపీ బ్రీడ్', 1945లో మీరు చూసిన సినిమా. మూడూ నోయెల్ కవర్డ్ రచనలే, మూడింటి దర్శకత్వంలోనూ డేవిడ్ లీన్ ఉన్నాడు.

ఆ మూడో సినిమాకి ఆవిడ ఆస్కార్‌కి నామినేట్ అయింది, న్యూయార్క్ విమర్శకుల అవార్డు గెలుచుకుంది. ఇంకొకరైతే హాలీవుడ్ వెళ్లిపోయేవాళ్లు. ఈవిడకి 1946లో ఒక కూతురు, 1947లో ఇంకో కూతురు పుట్టారు, ఆ 1947లోనే 'ఓల్డ్ విక్' నాటక సంస్థలో షా రాసిన 'సెయింట్ జోన్'లో జోన్ పాత్ర వేసింది. మన దగ్గర నిర్మలమ్మ గారు కూడా నాటకాల నుంచే వచ్చారు, కానీ వచ్చాక సినిమాలోనే ఉండిపోయారు. సీలియా మాత్రం పని ఉన్నప్పుడు వచ్చి, అయిపోగానే మళ్లీ నాటకానికీ ఇంటికీ వెళ్లిపోయేది. మంచి నటి అంటే సినిమాల లెక్క చూడటం మనకి అలవాటైంది గానీ, ఈవిడ విషయంలో ఆ లెక్క పనికిరాదు.

నేను యూనివర్సిటీలో థియేటర్ కోర్సు చేస్తున్నాను. స్టేజీ అలవాటు వల్ల కెమెరా ముందు నా మొహం, చేతులు ఎక్కువైపోతున్నాయని మా సార్ అంటున్నారు. షూటింగ్ అంటేనే టెన్షన్. నాటకాల నుంచి వచ్చినవాళ్లు దీన్ని ఎలా దాటారు?
– ఒక విద్యార్థి, గచ్చిబౌలి

పై జవాబులో చెప్పిన సినిమానే మీరూ చూడండి, ముఖ్యంగా చివరి సీను. ఇద్దరూ విడిపోవాలి, స్టేషన్ టీ గదిలో ఆఖరి నిమిషాలు. సరిగ్గా అప్పుడే డాలీ అని ఆమెకి తెలిసినావిడ వచ్చి వాళ్ల టేబుల్ దగ్గర కూర్చుని వాగడం మొదలుపెడుతుంది. మన ఇళ్లలో కూడా అంతే కదా, ముఖ్యమైన మాట నోటిదాకా వచ్చినప్పుడే పక్కింటి పిన్నిగారు తలుపు కొడతారు. డాక్టరు రైలు వచ్చేసింది. ఏం చెప్పడానికీ లేదు, లేచి, వెళ్తూ వెళ్తూ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి వెళ్లిపోతాడు. ఆవిడ వెనక్కి తిరగదు, ఏడవదు, పెదవి కూడా కదపదు, కానీ ఆ పెద్ద కళ్లు మాత్రం తలుపు చప్పుడు కోసం, రైలు కూత కోసం వింటూ ఉంటాయి. కళ్లు వినడం ఏమిటంటారేమో, చూశాక మీరే ఒప్పుకుంటారు. నేనైతే ఇరవై ఏళ్ల కిందట ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ఫిల్మ్ క్లబ్బు షోలో మొదటిసారి చూసినప్పుడు, తర్వాత ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంటే ఆ పెట్టెల లైట్లు ఆమె మొహం మీద వెలిగి ఆరుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

గమనించండి, సినిమా ఇదే సీనుతో మొదలవుతుంది. అప్పుడు మనకి ఏమీ తెలియదు కాబట్టి ఎవరో ముగ్గురు టీ తాగుతున్నారనిపిస్తుంది, చివర్లో అదే సీను మళ్లీ వచ్చేసరికి గుండె పిండేస్తుంది.

ఇంకో సంగతి. కథ చాలావరకు ఆవిడ మనసులో భర్తకి చెప్పుకుంటున్నట్టు గొంతు మాత్రమే వినబడుతుంది, తెర మీద నోరు కదలదు. అంటే మొహంతో కథ చెప్పాల్సిన అవసరం లేదు, ఆలోచిస్తే చాలు. రేడియోలో చేసిన పని ఇక్కడ ఆమెకి ఎంతో ఉపయోగపడి ఉంటుందని నా అభిప్రాయం. అప్పటి పై తరగతి ఇంగ్లిష్ యాస మీకు కొత్తగా అనిపించొచ్చు, పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

మీరో పని చెయ్యండి. ఏదైనా ఇరానీ కేఫ్‌లో ఒక చాయ్ పెట్టుకుని కూర్చుని, ఎవరికో చెప్పలేకపోయిన మాట ఒకటి మనసులో మొత్తం చెప్పుకోండి, ఎదురుగా ఉన్న ఫ్రెండ్‌ని ఫోన్‌లో షూట్ చెయ్యమనండి. చేతులు టేబుల్ కిందే ఉంచండి. ఒక వారం రోజులు చేసి మీ సార్‌కి చూపించండి.

సీలియా జాన్సన్ భర్త జేమ్స్ బాండ్ కథలు రాసినాయనేనా? ఆవిడకి మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, హిమాయత్‌నగర్

కాదండీ, ఆయన ఇయాన్ ఫ్లెమింగ్. ఈమె భర్త ఆయన అన్నగారు పీటర్ ఫ్లెమింగ్, ఈయన యాత్రా రచయిత. పెళ్లి 1935లో జరిగింది. సంబంధం ఉందండీ, గట్టిగానే ఉంది. యుద్ధంలో 1942 నుంచి పీటర్ ఉద్యోగం ఢిల్లీలోనే, జపాన్ సైన్యాన్ని తప్పుడు సమాచారంతో ఏమార్చే విభాగానికి ఆయన అధికారి. అంటే ఆ సినిమా తీస్తున్న రోజుల్లో ఆయన ఢిల్లీలో ఉంటే, ఈవిడ అక్కడ చలి రాత్రుళ్లు స్టేషన్‌లో షూటింగ్ చేస్తూ ఆయనకి ఉత్తరాలు రాసేది.

తర్వాత 1980లో టీవీ కోసం 'స్టేయింగ్ ఆన్' తీశారు, పాల్ స్కాట్ నవల ఆధారంగా. స్వాతంత్ర్యం వచ్చాక కూడా స్వదేశం వెళ్లకుండా మన కొండ ప్రాంతంలోనే ఉండిపోయిన ముసలి ఇంగ్లిష్ దంపతుల కథ, సిమ్లాలో షూట్ చేశారు. ఆవిడ భర్తగా వేసింది ఎవరనుకున్నారు? అదే డాక్టరు, ట్రెవర్ హోవర్డ్! ముప్ఫై అయిదేళ్ల కిందట ప్లాట్‌ఫారం మీద విడిపోయిన జంట, ఈసారి ఒకే ఇంట్లో గొడవపడుతూ బతుకుతుంటారు. మన సయీద్ జాఫ్రీ, పెర్ల్ పదంసీ కూడా ఉన్నారు. దొరికితే వదలకండి.

ఆ మధ్యలో చేసిన సినిమాల్లో 1969 నాటి 'ది ప్రైమ్ ఆఫ్ మిస్ జీన్ బ్రోడీ' చెప్పుకోవాలి, మ్యాగీ స్మిత్‌కి ఎదురుగా కరకు హెడ్‌మిస్ట్రెస్‌గా వేసి, సహాయ నటిగా బాఫ్టా అనే బ్రిటిష్ సినిమా అవార్డు తెచ్చుకుంది. 1981లో 'డేమ్' బిరుదు వచ్చింది, మగవాళ్లకి 'సర్' ఎలాగో అలా. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, రాల్ఫ్ రిచర్డ్‌సన్‌తో ఒక నాటకం ఆడుతున్న రోజుల్లోనే, వారాంతం సెలవుకి ఇంటికొచ్చి స్నేహితులతో పేకాట ఆడుతుండగా పక్షవాతం వచ్చి పోయింది. 73 ఏళ్లు.

మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటోంది, జూన్‌లో వెళ్తున్నాం. ఆ సినిమాలోని స్టేషన్ ఇప్పటికీ ఉందా? మావారికి పాత స్టేషన్లంటే పిచ్చి.
– ఒక పాఠకురాలు, తార్నాక

ఉందండీ, కార్న్‌ఫర్త్ అని, లాంకషైర్‌లో. మాంచెస్టర్ నుంచి రైల్లోనే వెళ్లొచ్చు. యుద్ధం ఇంకా ముగియలేదు కాబట్టి రాత్రుళ్లు లైట్లు వేసి షూటింగ్ చేయాలంటే భయం, విమానాలు వస్తున్నాయని తెలిస్తే ఆర్పేయడానికి టైం దొరికేంత దూరంగా ఉందని ఆ స్టేషన్‌ని ఎంచుకున్నారు. సినిమాలో కనిపించే టీ గది మాత్రం స్టూడియోలో వేసిన సెట్టు. ఇప్పుడు స్టేషన్‌లోనే దాని పోలికతో ఒక టీ గది పెట్టారు, పక్కనే చిన్న మ్యూజియం కూడా ఉంది. పెద్ద గడియారం ఇంకా వేలాడుతూనే ఉంది. మీవారిని దాని కింద నిలబెట్టి ఫొటో తీసి మాకు పంపండి, ఈ శీర్షికలోనే వేస్తాం.