42 శాతం పట్టుకుని ఐవర్సన్ మీద వాదించకు

ఒరేయ్ చిన్నోడా,

బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెన్ ఐవర్సన్ గురించి మీ ఫ్రెండ్స్‌తో నువ్వు పెట్టుకున్న వాదన చదివాను. "42 శాతం కొట్టినోడికి ఎంవీపీ ఏంటి" అన్నావు, అంటే 2000-01లో వేసిన షాట్లలో 42 శాతమే బుట్టలో పడ్డవాడికి ఆ సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు ఎందుకని. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏని నీకంటే చాలా ముందునుంచి చూస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, ఆ ఒక్క అంకెతో వాదనకి దిగకు. ఆ 42 ఫీల్డ్ గోల్ శాతం, దానికి రెండు పాయింట్ల షాటైనా మూడు పాయింట్లదైనా ఒకటే, ఫౌల్ అయితే ఇచ్చే ఫ్రీ త్రోలైతే అసలు లెక్కలోకే రావు. వేసిన షాట్లకి ఎన్ని పాయింట్లు రాబట్టాడో చెప్పే ట్రూ షూటింగ్ శాతం చూడు, అందులో మూడూ కలుస్తాయి. 2006లో టొరంటో జట్టు మీద కోబీ బ్రయంట్ 81 పాయింట్లు కొట్టడానికి 46 షాట్లు వేశాడు, వింటే అమ్మో అనిపిస్తుంది, కానీ ట్రూ షూటింగ్ దాదాపు 74 శాతం. అదే కోబీ 2016లో తన చివరి మ్యాచ్‌లో 50 షాట్లు వేసి 60 కొడితే అది 54 దగ్గరే ఆగింది.

ఇంకోటి, ఎవర్నైనా ఆ ఏడాది లీగ్ సగటు పక్కనే పెట్టి చూడాలి. 2000-01లో ఐవర్సన్ మ్యాచ్‌కి 25.5 షాట్లతో 31.1 పాయింట్లు చేశాడు, 2015-16లో స్టెఫెన్ కర్రీ 20.2 షాట్లతోనే 30.1 చేశాడు. కర్రీది వేరే లెవెల్, ఒప్పుకుంటా. కానీ ఐవర్సన్ ట్రూ షూటింగ్ ఆ ఏడాది లీగ్ సగటుకి సరిసమానం, అదీ అన్ని షాట్లు మీదేసుకుని.

అసలు అడగాల్సింది ఏంటంటే, ఆ షాట్ అతను వేయకపోతే ఎవరు వేసేవారు? కోచ్ లారీ బ్రౌన్ ఐవర్సన్ ఆడిన ఆ ఫిలడెల్ఫియా జట్టుని డిఫెన్స్ మీద కట్టాడు. ఎరిక్ స్నో, జార్జ్ లించ్, టైరోన్ హిల్, సీజన్ మధ్యలో వచ్చిన ముటోంబో, వీళ్లలో తనంతట తాను షాట్ సృష్టించుకునేవాడు ఒక్కడు కూడా లేడు. షాట్ క్లాక్‌లో, అంటే షాట్ వేయడానికిచ్చే గడువులో, నాలుగు సెకన్లు మిగిలితే బంతి ఐవర్సన్‌కే వచ్చేది, మీద ఇద్దరు డిఫెండర్లున్నా వేయాల్సిందే. ఆ షాట్ పడకపోతే ఆ మిస్ అతని ఖాతాలో పడుతుంది, బంతి అతని చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నవాడి శాతం మాత్రం చెక్కు చెదరదు. స్కోరుకార్డు చూసి అతన్ని స్వార్థపరుడు అనేవాళ్లని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ జట్టు 56 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్స్‌కి వెళ్లింది.

అలాగని ఎన్ని షాట్లు వేసినా ఒప్పే అని కాదు. మరుసటి సీజన్లో అతను మ్యాచ్‌కి దాదాపు 28 షాట్లు వేశాడు, ఫీల్డ్ గోల్ 40 లోపుకి పడింది, ట్రూ షూటింగ్ లీగ్ సగటు కిందికి జారింది, జట్టు 43 విజయాల దగ్గర ఆగిపోయింది. నీకు ఐవర్సన్ మీదే వాదించాలని ఉంటే 2001 వదిలేసి ఈ సీజన్ తీసుకో, దీనికి నా దగ్గర కూడా గట్టి జవాబు లేదు.

మీ బాబాయ్