పాత టెంపో ట్రావెలర్‌లో డీజిల్ లీకు: కారే చోట క్లాంపు బిగిస్తే సరిపోతుందా?

అన్నా, మీరు రాసింది ఇదీ: 2004 మోడల్ టెంపో ట్రావెలర్, సీట్లు తీసేసి మంచాలు, గ్యాస్ స్టవ్, ఇన్వర్టర్ పెట్టించుకున్నారు. ఇప్పుడు లోపలంతా డీజిల్ వాసన, బండి కింద చుక్కలు, పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్ట్ కావడం లేదు. కర్నూలులో చూపిస్తే కారుతున్న చోట కొత్త క్లాంపు బిగించి చాలన్నారు. చాలదన్నా. మాది అనంతపురం. మా ఇంట్లో కూడా ఇలా మార్పించుకున్న పాత ట్రావెలరే ఉంది, దానికి ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పైపులన్నీ మార్పించాం. దగ్గరుండి చూసింది చెబుతున్నా.

మీ బండిలో ఉన్నది ఒక లీకు కాదు, రెండు అని నా అనుమానం. ట్యాంకులోని డీజిల్‌ను లాగి ఇంజన్‌కు పంపేది ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి ఆ పంపు దాకా డీజిల్‌ను ఇంజన్ పీల్చుకుంటుంది. ఆ దారిలో పైపు పగిలితే డీజిల్ బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆ సందులోంచి గాలి దూరి, పైపులో నిలిచిన డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున పంపు మళ్లీ మొదటి నుంచి లాక్కోవాలి, అందుకే అంతసేపు సెల్ఫ్. ఫీడ్ పంపు దాటాక మాత్రం డీజిల్ ఒత్తిడితో పోతుంది, అక్కడ సందు ఉంటే చుక్కలు పడతాయి. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ నుంచి ట్యాంకుకు వెనక్కి వెళ్లే సన్నటి రిటర్న్ పైపులు కూడా అంతే. కాబట్టి చుక్క పడే చోట ఎంత బిగించినా పొద్దుటి స్టార్టింగ్ సమస్య పోదు. ఆ తప్పు తడి లేని చోట ఉంది.

మాకు ఇది తెలిసొచ్చింది కడప నుంచి రాయచోటికి పోయేటప్పుడు. గువ్వలచెరువు ఘాట్‌లో బండి లాగడం మానేసింది. కాసేపు ఆపితే మళ్లీ కదిలేది, మలుపు దాటగానే మళ్లీ అదే. కింద ఒక్క చుక్క కూడా లేదు. ఫిల్టర్ మార్చినా ఫలితం లేదు, నాజిల్స్ విప్పాలన్నారు. చివరికి ఒక పెద్దాయన ఫీడ్ పంపు ముందున్న రబ్బరు పైపు ఊడదీసి బ్లేడుతో నిలువునా చీల్చి చూపించాడు. పైన నల్లగా నిగనిగలాడుతోంది. లోపలి పొర మాత్రం ఊడి నాలుకలా వేలాడుతోంది. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడల్లా ఆ పొర లేచి దారి మూసేస్తోందన్నమాట. పైకి చూసి పైపు బాగుంది అనే మాటను ఆ రోజు నుంచి నేను నమ్మను. మీ బండి వయసుకు రబ్బరంతా మార్చాల్సిందే, ఒక్క ముక్క కూడా పాతది వదలొద్దు.

మార్చే ముందు ఎక్కడెక్కడ కారుతోందో చూసుకోండి. చాసిస్ కింద పైపుల దారంతా గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరాక పొడి ముగ్గుపిండి చల్లి, ఇంజన్ కాసేపు ఐడిల్‌లో ఉంచండి. తడి ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనిపిస్తుంది. డీజిల్ ఒకచోట కారి, పైపు వెంబడి జారి ఇంకోచోట చుక్కగా పడుతుంది, చుక్క పడిన చోటే లీకు అనుకోవద్దు. గాలి పడుతోందో లేదో తెలియాలంటే ఫీడ్ పంపు ముందు జానెడు పారదర్శక పైపు తగిలించి బుడగలు వస్తున్నాయా చూస్తారు. అది పరీక్ష వరకే, దాన్ని అక్కడే వదిలేయొద్దు. ఇంజన్ వేడికి కొన్నాళ్లకే కట్టెలా బిగుసుకుపోయి తగిలించిన చోటే విరుగుతుంది. ఇక ట్యాంకు నిండా ఉన్నప్పుడు, మలుపుల్లో మాత్రమే వాసన ఎక్కువైతే తప్పు ట్యాంకు నెత్తిన ఉంటుంది: డీజిల్ ఎంతుందో చూపే గేజ్ యూనిట్ వాషరో, పైన తగిలించిన పైపులో. దాన్ని చూడాలంటే ట్యాంకు కిందికి దించాలి. అందుకే డీజిల్ బాగా తగ్గాక పని పెట్టుకోండి.

పైపు కొనేటప్పుడు పాత ముక్క తీసుకుపోయి లోపలి కొలత సరిచూడండి. పైపు మీద ఎస్ఏఈ జె30 అని (ఇంధన పైపుల ప్రమాణం అది), ఆర్7 లేదా ఆర్9 అని (అందులో రకాలు) అచ్చు ఉండాలి. రేడియేటర్ నీళ్ల పైపు సైజు సరిపోయింది కదా అని వేయనివ్వొద్దు, ఆ రబ్బరు డీజిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. క్లాంపులు కూడా పళ్లు కోసినవి కాకుండా పట్టీ అంచు లోపలివైపు నున్నగా ఉన్నవి అడగండి. పళ్లవి బిగించే కొద్దీ రబ్బరును కోస్తాయి. మీకు బిగించిన కొత్త క్లాంపు కింద ఒకసారి వేలితో తడిమి చూడండి.

చాసిస్ పొడవునా పోయే ఇనుప పైపు తుప్పు పట్టిందా అనేది వేరే సంగతి. మన సీమలో వానలు తక్కువే అయినా, పైపును పట్టుకునే క్లిప్పుల కింద బురద ఇరుక్కుని తడి నిలుస్తుంది, తుప్పు అక్కడే తింటుంది. క్లిప్పులు విప్పి చూడండి. గుంతలు పడి ఉంటే ఆ పైపు మొత్తం ఇనుపదే కొత్తది వేయించండి. రాగి గొట్టం వంచడం సులభమని కొందరు అదే వేస్తారు. బండి అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది, పైగా డీజిల్ త్వరగా చెడటానికి కారణమవుతుంది. బాంజో బోల్టుల (మధ్యలో బోలుగా ఉండి డీజిల్ పోనిచ్చే బోల్టులు) దగ్గర రాగి వాషర్లు మాత్రం ఉండాల్సిందే. విప్పిన ప్రతిచోటా కొత్తవి వేయాలి.

ఇల్లులా మార్చిన బండికి ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించే నాకు ఎక్కువ భయం. బాడీ కట్టినవాళ్లు మా బండిలో ఇన్వర్టర్ వైరును, డీజిల్ పైపును కలిపి ఒకే ట్యాగ్‌తో కట్టేశారు. అదురుకు రాసుకుని రాసుకుని వైరు తొడుగు అరిగి రాగి తీగ బయటపడింది, దానికి వేలెడు దూరంలో పైపు చెమ్మగిల్లి ఉంది. మీరు కూడా కిందికి దూరి చూడండి. ప్లైవుడ్ నేలకు కొట్టిన స్క్రూలు కిందికి పొడుచుకొచ్చి పైపుకు తగులుతున్నాయేమో కూడా చూడండి. పైపు సైలెన్సర్‌కు కనీసం జానెడు దూరంలో, రబ్బరు వేసిన క్లిప్పులతో మూరకొకటి చొప్పున ఉండాలి. ఇంజన్ ఊగుతుంది కాబట్టి దాని దగ్గర పైపు లాగిపట్టినట్టు కాక కొంచెం వదులుగా ఉండాలి.

డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదులే అని మీకూ చెప్పే ఉంటారు. మన దేశంలో డీజిల్‌కు నిర్ణయించిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు. అంటే ఆ వేడి దగ్గర నుంచే దాని ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునే అవకాశం ఉంది. మే నెలలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది, ఇక ఎండలో నిలిపిన బండి కింద సంగతి చెప్పేదేముంది. లోపల స్టవ్ వెలిగించే బండి, పిల్లలు పడుకునే బండి. వాసన వస్తున్నంత కాలం దాంట్లో వంట చేయకండి, పడుకోకండి. పని మొదలుపెట్టే ముందు సిలిండర్ దించేయండి. బండి బ్యాటరీతో పాటు ఇన్వర్టర్ బ్యాటరీ కూడా విప్పాలి. మెకానిక్‌కు ఆ రెండోది ఉందని తెలియదు, మీరే చెప్పాలి. మంటలార్పే పౌడర్ సిలిండర్ ఒకటి స్టవ్ పక్కన కాకుండా తలుపు దగ్గర పెట్టుకోండి.

పైపులు వేశాక వాటిలో చిక్కిన గాలిని బయటికి పంపాలి, దాన్నే ఎయిర్ తీయడం అంటారు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి బిగించాలి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్స్ దగ్గర నట్లు కొద్దిగా వదులు చేసి సెల్ఫ్ కొడతారు. ఇది పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లకే. కామన్ రైల్ బండి (చాలా ఎక్కువ ఒత్తిడితో, కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కొత్త తరం ఇంజన్) అయితే ఆ నట్లు ముట్టుకోనే కూడదు. ఏ బండైనా సరే, ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు లీకును చేత్తో తడమొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే ఉంటుంది, లోపల కండ చెడిపోతుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

ఇదే ప్రశ్న పెట్రోల్ మారుతి ఓమ్ని వ్యాను వాళ్లు చదువుతుంటే ఒక్క మాట: ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరుకు అది పడదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపే అడగండి, పెట్రోల్ పని ఇంటి దగ్గర సొంతంగా చేసుకోవద్దు.

మారిన తర్వాత కూడా కొన్నాళ్లు వాసన వస్తే కంగారు పడకండి. ట్యాంకు పైన ఉన్న ప్లైవుడ్, కింద పరిచిన షీటు డీజిల్ పీల్చుకుని ఉంటాయి. మేము ఆ ముక్క వరకూ కోయించి, అక్కడే విప్పడానికి వీలుగా మూత పెట్టించాం, ఇప్పుడు ట్యాంకు నెత్తి చూడాలంటే దాన్ని దించే పని లేదు. కొత్త రబ్బరు వేడికి సర్దుకుంటుంది కాబట్టి, మొదటి దూరప్రయాణం నుంచి రాగానే క్లాంపులన్నీ ఇంకోసారి బిగించండి. ముగ్గుపిండి చల్లి చూశాక తడి ఎక్కడ మొదలైందో ఇక్కడే రాయండి, ఏ పైపో చెబుతాను.